ఎంగిలి వేడి

కోడుమూరు,
కార్తీక మాసం, రెండో సోమవారం.

బావమరిది ధనుంజయకు, బావ రామప్ప రాసేది.

ఇక్కడ మేము బాగున్నాం. నువ్వు కూడా బాగుండాలని మీ అక్క అంజనమ్మ కోరుకుంటోంది. నేనేం కోరుకోవాలో ఉత్తరం చివరికి వచ్చాక ఆలోచిస్తాను.

ఫోను చేతిలో పెట్టుకొని ఈ ముసలాయన ఉత్తరం రాశాడేమిటని నవ్వకు. పోయిన చైత్రంలో ఒంటిమిట్ట కల్యాణానికి వచ్చినప్పుడు, మనవాళ్లు దిగే సత్రంలో, విస్తళ్ల ముందు కూర్చున్న యాభైమంది ఎదుట నా కూతురి ఉద్యోగం గురించి ఏమన్నావో గుర్తుందా? "మా పవిత్ర ఏం చేస్తాందో తెల్సునా? ఎర్రగడ్డల ఫ్యాక్టరీలో పొగను మూటగడతాంది!" అన్నావు. పప్పు వడ్డించే మనిషి కూడా గరిటె గాల్లో పట్టుకొని నవ్వాడు. నా బిడ్డ మజ్జిగన్నం కలుపుకోకుండానే లేచిపోయింది. నేను ఆ పూటే పోయి కోదండరాముడి ఎదుట నిలబడ్డాను. ఆ సత్రంలోనే, ఆ మనుషుల ముందే, 'నా మేనకోడలు చేసేది పని' అని నీ నోటితో నువ్వు చెప్పేదాకా నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. మాట్లాడననే అన్నాను, రాయననలేదు. ఫోనులో మాట్లాడినా మాటే కాబట్టి అదీ బంద్.

ఇప్పుడు అసలు సంగతి. పవిత్ర కట్టించిన పెట్టె పనిచేసింది! ధనుంజయా, పనిచేసింది!

శుక్రవారం నన్ను స్కూటీ మీద ఎక్కించుకొని ఫ్యాక్టరీకి తీసుకుపోయింది. నాది ఐదో తరగతి చదువు, అయినా నాకు అర్థమైంది, అంత బాగా చెప్పింది. నీకు అర్థమయ్యేట్టు రాస్తాను, కొంచెం నిదానంగా చదువుకో. బాయిలరులో నీళ్లు కాగి ఆవిరై గొట్టాల్లోకి పోతుంది. ఫ్యాను గాలి ఆ గొట్టాల మీదుగా వచ్చి వేడెక్కి, ఆరబెట్టడానికి తరిగి పరిచిన ఉల్లిముక్కల మీదికి పోతుంది. ఎర్రగడ్డల్లోని తడంతా ఆవిరై ఆ గాలిలో కలిసి చిమ్నీలోంచి ఆకాశంలోకి పోతుంది. ఇంతవరకు అందరూ చూశారు. ఆ పోయేదాంట్లో ఎంత వేడి పోతోందో నా కూతురు చూసింది.

చిమ్నీ దారిలో ఒక పెద్ద ఇనుప పెట్టె కట్టించి, దాని నిండా సన్నని గొట్టాలు పెట్టించింది. గొట్టాల లోపల బయటి చల్లగాలి లోనికి వస్తుంటుంది. గొట్టాల వెలుపల తడిగాలి బయటికి పోతుంటుంది. రెండూ ఒకదానికొకటి తగలవు. తడిగాలి ఆ చల్లని గొట్టాన్ని తాకగానే చెమట పట్టి నీళ్లై కారిపోతుంది. అట్లా నీళ్లయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా గొట్టానికి ఇచ్చేసి పోతుంది. లోపలి చల్లగాలి ఆ వేడి తీసుకొని మళ్లీ ఎర్రగడ్డల మీదికి బయల్దేరుతుంది. మరిగే నీళ్ల కన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది చూడు, అందుకేనట. ఇది నేను మీ అక్కకు వివరంగా చెబితే, "గంజి వార్సేటప్పుడు నా చెయ్యి ఎన్నిసార్లు కాలలేదు, నాకెవురూ పెట్టె కట్టీలేదే" అంది.

రోజుకు నాలుగు ట్రాక్టర్ల వేరుశనగ బుడ్డల పొట్టు మింగే బాయిలరు ఇప్పుడు మూడింటితో ఊరుకుంటోంది. వచ్చేటప్పుడు బస్టాండులో మైసూరుపాకు కొని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పంచాను. కర్నూలు బస్సు కండక్టరు "పెండ్లా పెద్దాయనా?" అని అడిగాడు. "పెండ్లి కన్నా శానా పెద్దది" అన్నాను.

ఉత్తరం చివరికి వచ్చాను. నీ మేలు కోరుకుందామనే అనుకున్నాను. ఇంతలో నీ ముఖం గుర్తొచ్చింది. నీ ఇల్లాలు, మా చెల్లెలు ప్రమీలమ్మకు మాత్రం ఆశీస్సులు.

రామప్ప


మాధవరం, ఒంటిమిట్ట మండలం,
కార్తీక అమావాస్య ముందురోజు.

బావ రామప్పకు ధనుంజయ నమస్కారాలు.

నీ ఉత్తరం చేరింది. విప్పగానే ఇల్లంతా ఎర్రగడ్డల కంపు. ప్రమీల మూడుసార్లు సాంబ్రాణి వేసింది.

ఇనుప పెట్టెకు చెమట పట్టిందని ఊరంతా మైసూరుపాకు పంచిన మనిషి ఈ రెండు జిల్లాల్లో నువ్వొక్కడివే బావా. మా ఇంట్లో మంచినీళ్ల కుండకు ముప్పై ఏళ్లుగా చెమట పడుతోంది. దానికి ఒక్క రోజైనా ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఈసారి నువ్వు వచ్చినప్పుడు దాన్ని కూడా స్కూటీ మీద ఎక్కించుకొని పో.

నేను మా నాయన చేసినట్టే చేస్తున్నాను. నూలుకు రంగు అద్దుతాను, చిలపలుగా కట్టిన నూలు కర్రలకు వేలాడదీస్తాను, చిన్న బాయిలరు వెలిగించి ఆవిరి గొట్టాలతో గది వేడి చేస్తాను, ఆరిన నూలు ఈ ఊళ్లో నలభై మగ్గాలకు అందిస్తాను. తడిగాలి పోవడానికి గోడకు పైన కన్నం ఉంది. పోతుంది. పోనీ. పోయేదాని వెంటబడి పట్టుకోవడం మర్యాదస్తుల ఇంట్లో లేదు.

ఇక్కడ మూడు వారాలుగా ముసురు. అయినా మాకు ఇబ్బందేమీ లేదు. రెండు రోజుల్లో ఆరే చిలపలు నాలుగు రోజులకు ఆరుతున్నాయి, అంతే. కొందరు బయటి నుంచి ఆరిన నూలు తెప్పించుకుంటామని అంటున్నారు. అననీ. మిగతావాళ్లు అరుగుల మీద పులిజూదం ఆడుతున్నారు. వాళ్లకూ విశ్రాంతి కావాలి గదా.

అక్కను అడిగినట్టు చెప్పు. ఊరికే ఒక మాట, వేరే ఉద్దేశం ఏమీ లేదు: ఆ గొట్టాలు ఎంత లావు? ఇనుమువా, రాగివా? తెలుసుకోవడంలో తప్పులేదు గదా అని.

ధనుంజయ


కోడుమూరు,
మార్గశిరం, శుక్రవారం.

ధనుంజయా,

నీ ఉత్తరంలో చివరి మూడు వరుసలు మీ అక్కకు ఏడుసార్లు చదివి వినిపించాను. ఎనిమిదోసారి మొదలుపెడితే కాగితం లాక్కుంది. ఊరికే అడిగాడట! వేరే ఉద్దేశం లేదట! మంచినీళ్ల కుండకు ఉద్యోగం ఇప్పించే మనిషికి గొట్టాల లావెందుకు?

చెప్పను. అడగాల్సింది నన్ను కాదు. పవిత్రకు ఫోను ఉంది, ఆ పిల్లతో నీకు ఒట్టేమీ లేదు. ఫోను చేసి 'తల్లీ' అని పిలువు. గొంతులోంచి ఆ మాట రాకపోతే రెండు గుటకలు నీళ్లు తాగి మళ్లీ ప్రయత్నించు.

ఒక మాట మాత్రం ఎగతాళి లేకుండా రాస్తున్నాను. మగ్గాలవాళ్లు పులిజూదం ఆడుతున్నారని రాశావు చూడు, అక్కడ నాకు నవ్వు రాలేదు. నేనూ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి యాభై ఏళ్లు కూర్చున్నవాణ్ణే. నూలు ఆరక చేతులు కట్టుకొని కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నిన్ను చూసి ఎంతసేపైనా నవ్వుతాను, వాళ్లను చూసి నవ్వను. అందుకే పవిత్రతో, "మీ మామ పిలిస్తే పో" అని నేనే చెప్పాను. "నువ్వు చెప్పకపోయినా పోతా నాయనా, నూలు ఏం తప్పు చేసింది?" అంది. చూశావా ఎట్లాంటి పిల్లో!

అయినా ఒప్పందం మారలేదు. షెడ్డులో గొణిగితే చెల్లదు. సత్రంలో చెప్పాలి. గట్టిగా చెప్పాలి.

నీ బావ రామప్ప


మాధవరం,
ఫాల్గుణ మాసం, హోలీ పున్నమి మరునాడు.

బావకు,

నీ కూతురు వచ్చింది. మూడుసార్లు వచ్చింది. మొదటిసారి రెండు రోజులు నా షెడ్డులో థర్మామీటరు పట్టుకొని, జ్వరం వచ్చిన పిల్లకు చూసినట్టు, ప్రతి మూలకూ పెట్టి చూసింది. రెండోసారి పెట్టె తెచ్చి గోడకు బిగించింది. మూడోసారి మా నాయన పెట్టించిన కన్నాన్ని ఇటుకలతో పూడ్పించింది. తడిగాలి ఇక పెట్టెలోంచే పోవాలట. మా నాయన కన్నం మూసేస్తుంటే నేను ఊరుకున్నానంటే నా ఓర్పు ఎంతో చూసుకో.

పెట్టె తప్పు చేయడం లేదని మాత్రం ఒప్పుకుంటాను. ఒకటిన్నర రోజులో చిలపలు గలగలలాడుతూ ఆరుతున్నాయి. పులిజూదం ఆగిపోయింది. నలభై మగ్గాలూ మోగుతున్నాయి. ఇది సత్రంలో చెప్పినట్టు కాదు, కాగితం మీద రాసినట్టు. గంతులేయకు.

అయితే ఒక చిక్కు వచ్చింది. స్వామి మొక్కు బట్టలు నీకు తెలుసు గదా. మా పది ఇళ్లవాళ్లం ఏటా కల్యాణానికి స్వామికి ఎర్రంచు తెల్లపంచె, అమ్మవారికి చీర నేసి తీసుకుపోతాం. ఆ నూలు ఆరబెట్టే వేళయింది. మా వీరభద్ర తాత కర్ర పట్టుకొని షెడ్డుకు వచ్చాడు. తొంభై ఏళ్ల మనిషి, మొక్కు విషయంలో ఆయన మాటే మాట. పెట్టె చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా ధనుంజయా, దీంట్లోంచి వచ్చే వేడి అంతకు ముందు యాడ ఉండాది?" అన్నాడు. "ముందు ఆరేసిన నూలు మీద ఉన్నింది తాతా, పోయేదాన్ని పట్టి మళ్లీ తెస్తాంది" అన్నాను. "అంటే మనుషుల గుడ్డల మీద ఒగసారి ఆడిన వేడి. అది ఎంగిలి వేడి. స్వామి నూలుకు తగలగూడదు" అన్నాడు.

నవ్వకు. నాకూ సబబే అనిపించింది. మనం తిన్న విస్తట్లో స్వామికి నైవేద్యం పెడతామా? అందుకని సోమవారం పెట్టె తలుపు మూసి తాళం వేశాను. మొక్కు నూలు గదిలో పెట్టి, గదికీ తాళం వేసి, బాయిలరు నుంచి వచ్చే కొత్త వేడితోనే ఆరబెడుతున్నాను. మూడు రోజులు ఎవరూ గది తెరవకూడదని తాత చెప్పాడు.

పవిత్రకు ఫోనులో చెబితే "మామా, పెట్టె మూస్తే..." అని ఏదో మొదలుపెట్టింది. "అమ్మా, ఇది పూజ సంగతి, గొట్టాల సంగతి కాదు" అని పెట్టేశాను. పెద్దవాళ్ల మధ్య పిల్లలు మాట్లాడకూడదని నువ్వు నేర్పకపోతే మేనమామ నేర్పాలి గదా. ఈ మూడు రోజులూ ఫోను ముట్టను.

ఈ ఉత్తరం మా ప్రమీల అన్న కర్నూలు వస్తుంటే ఆయన చేతికే ఇస్తున్నాను. రేపు నీకు చేరుతుంది.

ధనుంజయ


కోడుమూరు,
అదే వారం, బుధవారం మధ్యాహ్నం.

ఓరి ధనుంజయా!

ఎంగిలి వేడా? ఈ మాట రాయడానికి నీ కలానికి సిగ్గు లేకపోయిందా?

సూర్యుడు పొద్దున తూర్పున ఎందరి గోచీలు ఆరబెట్టి మీ మాధవరం వస్తున్నాడో ఎప్పుడైనా అడిగావా? పెన్న మీద నుంచి వచ్చే గాలి ఎవరి ముక్కులోనూ దూరకుండా నేరుగా నీ కోసమే వస్తోందా? గుళ్లో ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తారే, రెండోది ఎంగిలి దీపమా? నువ్వు పీల్చే ఊపిరి నీకన్నా ముందు ఎన్ని గేదెలు పీల్చాయో లెక్క తీయి, తీశాక పీల్చడం మానేయి, లోకానికి కొంచెం హాయి.

పైగా ఆ రెండు గాలులూ ఒకదానికొకటి తగలవని మొదటి ఉత్తరంలోనే రాశాను. గొట్టం లోపలిది లోపలే, బయటిది బయటే. తగలనిదానికి ఎంగిలి ఎట్లా అంటుతుంది? నిదానంగా చదువుకోమన్నాను, చదివావా?

సరే, తిట్టింది చాలు. ఇప్పుడు చెప్పేది తిట్టు కాదు. పవిత్ర నీ ఉత్తరం చదివి అన్నం ముందు నుంచి లేచిపోయింది. "నాయనా, గోడ కన్నం పూడ్పించింది నేను. పెట్టె మూస్తే తడి పోయే దారి ఇంగొకటి లేదు. గదంతా ఉడుకుతాది. అదే చెప్పబోతే మామ ఫోను పెట్టేసినాడు. నిజంగా మూడు దినాలు తాళమేస్తాడని అనుకోలే" అంది. అప్పటి నుంచి తను చేస్తోంది, మీ అక్క చేస్తోంది, నువ్వు ఎత్తడం లేదు. ప్రమీలమ్మ ఫోనూ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. పవిత్ర బస్టాండుకు బయల్దేరుతోంది.

ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. ఫోను ముందు కలుస్తుందో, తను ముందు చేరుతుందో. తలుపు తెరువు ధనుంజయా. తాళం చెవి దొరక్కపోతే పగలగొట్టు.

రామప్ప


మాధవరం,
ఫాల్గుణం, శనివారం.

బావకు,

పవిత్ర వచ్చేసరికి మూడో రోజు సాయంత్రమైంది. తాత సమక్షంలో తాళం అప్పుడే తీశాం. తలుపు తెరిస్తే లోపల మనిషికి మనిషి కనిపించనంత ఆవిరి. పైన రేకుల నుంచి వాన పడినట్టు చుక్కలు. తుప్పు పట్టిన రేకులు గదా, ఆ నీళ్లన్నీ ఎర్రగా. తెల్ల నూలంతా తుప్పు మరకలు. స్వామి పంచెకని పెట్టిన నూలు, బావా. ఒక్క చిలప కూడా మిగల్లేదు.

వీరభద్ర తాత గడప దగ్గర నిలబడి చూసి, కర్ర పట్టుకొని ఇంటికి పోయాడు. ఊళ్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. అందుకే నీకు రాస్తున్నాను. ఈ రెండు జిల్లాల్లో నీ అంత బాగా ఎవరూ తిట్టలేరు. మొదలుపెట్టు.

తిట్టేలోపు మిగతాది విను. నీ కూతురు నన్ను తిట్టలేదు. గదిలోకి పోయి రేకులు చూసింది, బాయిలరు చూసింది. "ఇది కూడా లోపల పాచి పట్టిపోయింది మామా, ఆవిరి సగమే వస్తాంది" అంది. ఫ్యాక్టరీకి ఫోను చేస్తే మర్నాడు తొలి బస్సులో అక్కడి బాయిలరు మనిషి వచ్చాడు. లాజరు అట, అరవై ఏళ్లుంటాయి. మూడు రోజులు బాయిలరు లోపలికి దూరి, గీకి, కడిగి, పాత బోల్టులన్నీ విప్పి బిగించాడు. రేకుల కింద తుప్పు చుక్కలు పడకుండా వాలుగా పట్టా కట్టించాడు. పనిమంతుడే. అన్నం బాయిలరు దగ్గరికే పంపాం, అక్కడే తిన్నాడు.

పవిత్ర వీరభద్ర తాత ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. వాదిస్తుందేమో, ముసలాయన గుండె ఆగుతుందేమో అని నా భయం. పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చొని, "తాతా, స్వామికి పొంగలి వండేటప్పుడు గుండిగ మీద మూత పెడతారు గదా. ఆ మూతకు చెమట పడతాది. మూత తీసేలోపల అది మళ్లీ పొంగలిలోనే పడతాది. అది ఎంగిలా?" అని అడిగింది.

తాత నములుతున్న వక్కను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "తొంభై ఏండ్లుగా ఆ పొంగలి తింటాండా. ఇంతవరకు నన్ను ఎవురూ ఇది అడగలే" అన్నాడు. ఆపైన నావైపు తిరిగి, "ఏమిరా చూస్తావు, పోయి పెట్టె తెరువు" అన్నాడు. కసిరింది నన్ను! మూయమన్నది ఎవరు, కసురుడు ఎవరికి, చూడు!

కొత్త నూలు పెట్టె తెరిచే ఆరబెట్టాం. ఒకటిన్నర రోజు. పడుగు మగ్గానికి ఎక్కింది. కల్యాణానికి పదిహేడు రోజులు, సరిపోతుంది.

సత్రానికి రా బావా. చెప్పాల్సింది చెబుతాను.

ధనుంజయ


కోడుమూరు,
చైత్రం, కల్యాణం అయిన రెండో రోజు.

దొంగ ధనుంజయకు,

అవును, దొంగవే. పట్టపగలు, యాభైమంది ఎదుట, విస్తళ్ల ముందు దొంగతనం చేశావు.

నువ్వు లేచి నిలబడగానే కలుపుతున్న అన్నం వదిలేసి నీకేసి తిరిగాను. పొద్దున స్వామికి పంచె ఇచ్చి వచ్చాం, మరక లేదు, మచ్చ లేదు, అంచు ఎర్రగా నిప్పులా ఉంది. నువ్వు గొంతు సవరించుకొని, "పోయినేడు ఈడనే నా మేనకోడలి పని గురించి ఎగతాళి చేసినా. తప్పు నాది. ఆ పిల్ల లేకుంటే మా ఊర్లో నలభై మగ్గాలు నిలిచిపోయి ఉండేవి, స్వామికి పంచె ఉండేది కాదు. అది చేసేది పని. శానా పెద్ద పని" అన్నావు. వడ్డించేవాళ్లు గరిటెలు ఆపేశారు. మీ అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను సంవత్సరం కిందట మూసుకున్న నోరు తెరిచాను. 'బావమరిదీ' అనబోయాను. నాలుక మీదికి వచ్చింది ఆ మాట.

అప్పుడు నువ్వు ఇంకో మాట కలిపావు. "ఆ తెలివి యాడిదనుకుంటాండారు? మేనమామ పోలిక!" అన్నావు.

సత్రమంతా చప్పట్లు! నీ వీపు తట్టేవాడొకడు, చెయ్యి పట్టుకునేవాడొకడు! తెరిచిన నోరు అట్లాగే మూసుకొని మజ్జిగన్నం తిని వచ్చాను.

మేనమామ పోలికా? దారి లేని గదిలో తడి నూలు పెట్టి తాళం వేసినవాడి పోలికా? ఆ పిల్లకు చూపు నా నుంచి వచ్చింది. నాలుగువేల పోగుల పడుగులో తెగిన ఒక్క పోగును దీపం లేకుండా పట్టుకున్న కన్ను ఇది. మీ ఇంట్లో ఎవరికుంది ఆ కన్ను? మీ నాయనకు ఎదురుగా ఉన్న ఆవు కనిపించేది కాదు.

నువ్వు చెప్పింది చెల్లిందో లేదో నాకు తెలియడం లేదు. సగం చెల్లింది. 'శానా పెద్ద పని' వరకు చెల్లింది.

రామప్ప


మాధవరం,
చైత్ర బహుళ పంచమి.

బావకు,

చెల్లింది. తాతను అడిగాను. పూర్తిగా చెల్లిందన్నాడు. ఒట్టు పెట్టేటప్పుడు 'పోలిక' గురించి షరతు పెట్టకపోవడం నీ తెలివితక్కువతనం. అది కూడా పిల్లకు రాలేదు, అందుకే నా పోలిక అన్నాను.

అంత అనుమానముంటే ఇంట్లోనే ఉంది గదా, అడుగు. ఆ తెలివి ఎవరిదో పవిత్రనే చెప్పమను. ఏం చెప్పినా నాకు రాయి. నేను భయపడటం లేదు.

ధనుంజయ


కోడుమూరు,
చైత్ర బహుళ దశమి.

ధనుంజయా,

అడిగాను.

ఆదివారం పొద్దున స్కూటీ తుడుచుకుంటోంది. పీట వేసుకొని ఎదురుగా కూర్చొని, "అమ్మా, నీ తెలివి ఎవరి పోలిక? నాదా, మీ మామదా? మొగమాటం లేకుండా చెప్పు" అన్నాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది. చదివి వినిపించి నిన్ను మట్టి కరిపించాలని.

గుడ్డ పక్కన పెట్టింది. "మీ ఇద్దరిదీ కాదు నాయనా. లాజరన్నది" అంది.

ఆ తర్వాత తను చెప్పింది చెప్పినట్టు రాస్తాను. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో లాజరు రోజూ పది గంటలకు తన అన్నం క్యారియరు తీసుకుపోయి చిమ్నీ మొదట్లో గొట్టానికి ఆనించి పెట్టేవాడట. ఒంటిగంటకు తీస్తే అన్నం పొగలు కక్కేది. ఇరవై ఏళ్లుగా అట్లా చేస్తున్నాడట. క్యారియరు బయటంతా తడిగా ఉండటం చూసి పవిత్ర ఒక రోజు, "అన్నా, ఇది వేడిగా ఉండాది సరే, తడి ఎందుకు?" అని అడిగింది. "ఆవిరి ఈడ ఏడ్సి పోతాదమ్మా. ఏడ్సేటప్పుడే దానికి శానా వేడి" అన్నాడట.

అంతే. ఆ మాట నుంచే పెట్టె పుట్టింది. కొలతలు తనవి, లెక్కలు తనవి, గొట్టాలు తను గీసినవి. చూసింది మాత్రం ఆయన. యజమానికి ఇచ్చిన కాగితంలో పైన లాజరు పేరు రాసి, కింద తన పేరు రాసిందట. ఆయన పై పేరు కొట్టేశాడు. మళ్లీ రాసిచ్చింది. మళ్లీ కొట్టేశాడు. "నువ్వు మైసూరుపాకు పంచిన రోజు నేను రెండోసారి రాసిచ్చినా నాయనా" అంది.

ధనుంజయా, నేను ఆ రోజు ఫ్యాక్టరీకి పోయినప్పుడు బాయిలరు దగ్గర ఒక మనిషి నాకు స్టూలు వేశాడు. చెంబుతో నీళ్లిచ్చాడు. "మీ పాప బంగారం పెద్దాయనా" అన్నాడు. నీకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. కండక్టరు మాట కూడా రాశాను. ఆయన్ను రాయలేదు. రాయకూడదని కాదు, గుర్తే రాలేదు. నువ్వు సంవత్సరం పాటు ఎగతాళి చేశావని నిన్ను ఇన్ని తిట్లు తిట్టానే, నువ్వు ఎగతాళి చేసిన మనిషి కనీసం నీ కళ్లకు కనిపించింది. నాకు మనిషే కనిపించలేదు. తెగిన పోగును దీపం లేకుండా పట్టే కన్నట! చీ!

నీ సంగతీ తక్కువ కాదు. మూడు రోజులు స్వామి నూలు కోసం బాయిలరులో దూరినవాడికి అన్నం బాయిలరు దగ్గరికే పంపావు. ఆ వాక్యం నువ్వు రాశావు, నేను చదివాను. ఇద్దరిలో ఎవరికీ గొంతులో అడ్డం పడలేదు.

సోమవారం ఒంటిగంటకు ఫ్యాక్టరీకి పోయాను. లాజరు క్యారియరు విప్పుతున్నాడు. చింతాకు పప్పు, అన్నం. "తింటావా పెద్దాయనా?" అన్నాడు. తిన్నాను. మన ఇద్దరి తగాదా మొదటి నుంచి చెప్పాను, ఒట్టు, ఉత్తరాలు, పోలిక, అంతా. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మీ ఇద్దరికీ వేరే పని లేదాప్పా?" అన్నాడు.

నాకు మళ్లీ సంతోషం పట్టింది. నా సంగతి నీకు తెలుసు గదా, పడితే ఆగదు. "వచ్చే చైత్రంలో కల్యాణానికి రా లాజరూ, మా సత్రంలో అందరి ముందు నీ పేరు చెప్పిస్తాను, మా బావమరిది చేతే చెప్పిస్తాను" అన్నాను.

క్యారియరు గిన్నె కడుగుతూ, "పిలిస్తే వస్తా పెద్దాయనా. ఆడ నన్ను యాడ కూసోబెడతారు?" అని అడిగాడు.

వెటకారంగా అడగలేదు. బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టు అడిగాడు. నేను స్టూలు మీద నుంచి లేచి వచ్చేశాను.

ఆ సత్రం పంక్తిలో మనవాళ్లది కాని విస్తరి ఇంతవరకు పడలేదు. దాని పెద్దల్లో నువ్వొకడివి. వీరభద్ర తాత నీ మాట వింటాడో, పవిత్ర మాట వింటాడో, ఎవరి మాటా వినడో తెలియదు. ఇది ఉత్తరాల్లో తేలే సంగతి కాదు. నాలుగు రోజులకొక ఎగతాళి రాసుకుంటూ కూర్చుంటే ఇంకో చైత్రం వచ్చేస్తుంది.

నా ఒట్టు చెల్లిందో లేదో స్వామి చూసుకుంటాడు. ఈ ఉత్తరం నీకు గురువారానికి చేరుతుంది. శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు ఫోను చేస్తాను. ఎత్తు.

రామప్ప